హెచ్‌హెచ్‌ఓ కిట్టా, సీఎన్‌జీనా, హైబ్రిడ్డా? బెంగళూరులో పెట్రోల్ ఖర్చు తగ్గించుకునే దారులు

నీళ్ల నుంచి గ్యాస్ తీసి ఇంజిన్‌కి పంపితే మైలేజీ ముప్పై, నలభై శాతం పెరుగుతుందని చెప్పి అమ్మే హెచ్‌హెచ్‌ఓ కిట్ల గురించి బెంగళూరులో ఉంటున్న మనవాళ్లు తరచుగా అడుగుతుంటారు. అడగడంలో తప్పేమీ లేదు. పెట్రోల్ లీటరు వంద దాటి చాలా కాలమైంది. కె.ఆర్.పురం నుంచి సిల్క్‌బోర్డు దాకా రోజూ ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చునేవాళ్లకి నెలాఖరులో బంకు బిల్లు చూస్తే టెన్షన్ వస్తుంది. అలాంటప్పుడు పదిహేను, ఇరవై వేలకు దొరికే డబ్బా ఒకటి సమస్య తీరుస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ డబ్బాని సీఎన్‌జీతో, హైబ్రిడ్‌తో, ఎలక్ట్రిక్‌తో, ఉన్న బండినే సరిగ్గా చూసుకోవడంతో పోల్చి చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హెచ్‌హెచ్‌ఓ కిట్ కొనకండి. మిగతా దారుల్లో ఏది మీకు సరిపోతుందో మీరు నెలకి తిరిగే కిలోమీటర్లను బట్టి ఉంటుంది.

దేన్ని పోల్చినా ఒకే ప్రశ్న వేసుకుంటే చాలు: ఆదా అవుతుందంటున్న ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోంది?

కిట్ లోపల ఏం జరుగుతుంది

స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేట్లున్న ఒక సెల్, అందులో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లు, బ్యాటరీ నుంచి ఒక వైరు, రిలే, గ్యాస్‌ని ఎయిర్ ఇన్‌టేక్‌కి (ఇంజిన్ గాలి పీల్చుకునే దారికి) తీసుకెళ్లే పైపు. ఖరీదైన వాటిలో కరెంటుని అదుపు చేసే కంట్రోలర్ కూడా ఉంటుంది. కరెంటు పారినప్పుడు నీళ్లు విడిపోయి రెండు వంతులు హైడ్రోజన్, ఒక వంతు ఆక్సిజన్ వస్తాయి. ఇంతవరకు అంతా నిజమే. స్కూల్లో చదువుకున్న విద్యుద్విశ్లేషణే ఇది. వీడియోల్లో బుడగలు రావడం, ఆ బుడగలకు నిప్పంటిస్తే టప్పుమని పేలడం కూడా నిజమే.

చిక్కు లెక్కలో ఉంది. నిమిషానికి ఒక లీటరు గ్యాస్ ఇచ్చే సెల్ తీసుకుందాం. కారు వోల్టేజీ దగ్గర దానికి సుమారు 15 ఆంపియర్లు, అంటే 200 వాట్లు కావాలి. ఆ కరెంటు బ్యాటరీలో ఊరికే పుట్టదు, ఇంజిన్ బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ ఇవ్వాలి. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55-60 శాతం కాబట్టి 200 వాట్ల కోసం ఇంజిన్ షాఫ్టు మీద 350 వాట్ల భారం పడుతుంది. ఇంజిన్ తాను కాల్చే పెట్రోల్‌లో దాదాపు నాలుగో వంతే పనిగా మారుస్తుంది కాబట్టి ఆ 350 వాట్లకి 1400 వాట్ల విలువైన పెట్రోల్ కాలుతుంది. ఇంత చేస్తే వచ్చిన లీటరు గ్యాస్‌లో ఉండే హైడ్రోజన్ శక్తి సుమారు 110 వాట్లు. అది మళ్లీ అదే ఇంజిన్‌లో కాలి షాఫ్టుకి చేర్చేది 28 వాట్ల దాకా. 350 తీసుకుని 28 ఇస్తోంది. ఇంజిన్ సామర్థ్యాన్ని ఉదారంగా 40 శాతం అనుకున్నా చేతికొచ్చేది 44 వాట్లే.

అనంతపురం వైపు రైతుకి చెప్పాలంటే, బోరు నీళ్లని ట్యాంకులోకి ఎక్కించి, అక్కడి నుంచి కిందకి వదిలి టర్బైన్ తిప్పి, ఆ కరెంటుతోనే బోరు మోటారు నడుపుతాననడం లాంటిది.

ఇంకో కోణంలో కూడా చూడొచ్చు. హైవే మీద గంటకి 80 వేగంతో, లీటరుకి 18 ఇచ్చే కారు గంటకి నాలుగున్నర లీటర్ల దాకా తాగుతుంది. ఆ పెట్రోల్ శక్తి దాదాపు 39 కిలోవాట్లు. దాని పక్కన 110 వాట్ల హైడ్రోజన్ ఎంత? వెయ్యింట మూడు వంతులు కూడా లేదు. ఆ గ్యాస్ మనకి ఉచితంగా వచ్చినా బంకు బిల్లులో తేడా కనపడదు.

"అది ఇంధనం కాదు సార్, పెట్రోల్‌ని బాగా కాలుస్తుంది"

ఈ లెక్క చెప్పగానే అమ్మేవాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే సమాధానం ఇది. దీన్ని తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు, ఎందుకంటే దీని వెనక కొంత అసలు సైన్స్ ఉంది. హైడ్రోజన్ మంట పెట్రోల్ మంట కన్నా చాలా వేగంగా పాకుతుంది. 1977లో నాసా ఒక మామూలు కారు ఇంజిన్‌లో పెట్రోల్‌కి హైడ్రోజన్ కలిపి పరీక్షించింది. మంట వేగం పెరిగిందని, గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువగా ఉన్న పల్చటి మిశ్రమంలో కూడా ఇంజిన్ బాగా నడిచిందని తేల్చింది. కిట్ల బ్రోచర్లలో నాసా పేరు కనపడితే అది ఈ పరీక్ష గురించే అయ్యుండొచ్చు.

ఆ పరీక్షలో హైడ్రోజన్ వచ్చింది గ్యాస్ సిలిండర్ల నుంచి, మిథనాల్‌ని విడగొట్టే యంత్రం నుంచి. కారు ఆల్టర్నేటర్ నుంచి రాలేదు. వాడిన పరిమాణం కూడా కారు కిట్ ఇచ్చేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, ఆ లాభం మిశ్రమాన్ని పల్చన చేయడం వల్ల వచ్చింది. మీ బీఎస్-6 పెట్రోల్ కారు అలా నడవదు. దాని సైలెన్సర్ దారిలో ఉండి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పని చేయాలంటే ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి నిష్పత్తి కచ్చితంగా ఉండాలి. ఆక్సిజన్ సెన్సర్ చూస్తుంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) క్షణక్షణం సరిచేస్తుంటుంది.

అందుకే కొన్ని కిట్లతో పాటు సెన్సర్ సిగ్నల్‌ని మార్చే చిన్న సర్క్యూట్ ఒకటి ఇస్తారు. ఈసీయూని తప్పుదారి పట్టించి పెట్రోల్ తక్కువ పోసేలా చేయడం దాని పని. ఇది పెట్టాక మైలేజీ కాస్త పెరిగినట్టు అనిపించొచ్చు కూడా. కానీ దానికి హైడ్రోజన్ అక్కర్లేదు. మూల్యం ఇంజిన్ చెల్లిస్తుంది: మిస్‌ఫైర్లు, పెరిగిన నైట్రోజన్ ఆక్సైడ్లు, పాడయ్యే కన్వర్టర్, ఎమిషన్ టెస్టులో ఫెయిల్. కన్వర్టర్ మార్చాల్సి వస్తే కిట్ ధరని మించిన బిల్లు వస్తుంది.

"సగం పెట్రోల్ కాలకుండా పొగలో పోతోంది" అనే మాట కూడా వినే ఉంటారు. వేడెక్కిన ఇంజిన్‌లో పోసిన ఇంధనంలో 95 నుంచి 98 శాతం కాలిపోతుంది. నష్టమంతా రేడియేటర్‌లోకి, సైలెన్సర్‌లోకి పోయే వేడిలో ఉంది. బాగా కాల్చి మిగుల్చుకోవడానికి అక్కడ మిగిలిందే రెండు నుంచి ఐదు శాతం. అందులోంచి ముప్పై శాతం ఆదా ఎలా వస్తుంది?

డీజిల్ బండ్ల సంగతి ఇంకా స్పష్టం. డీజిల్ ఇంజిన్ పుట్టుకతోనే పల్చటి మిశ్రమంతో నడుస్తుంది కాబట్టి మిశ్రమాన్ని పల్చన చేసి లాభం పొందే వాదన అక్కడ మొదలే కాదు. లారీ ఓనర్లకు పెద్ద సైజు కిట్లు అమ్మేవాళ్లని ఈ ఒక్క మాట అడగండి. బైకుల విషయంలో అయితే 200 వాట్లు పక్కకి ఇచ్చేంత మిగులు వాటి చార్జింగ్ వ్యవస్థలో ఉండదు, బ్యాటరీ డౌన్ అవుతుంది.

ఈ వ్యవహారం కొత్తదేమీ కాదు. నీళ్లతో కారు నడుపుతానన్న అమెరికన్ స్టాన్లీ మేయర్ గురించి యూట్యూబ్‌లో ఇప్పటికీ కథలు నడుస్తున్నాయి. 1996లో ఒహాయో కోర్టు అతను చేసింది తీవ్రమైన మోసమని తేల్చి పెట్టుబడిదారుల డబ్బు వెనక్కివ్వమంది. 2009లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సరిగ్గా ఇలాంటి హైడ్రోజన్ పరికరాన్ని మైలేజీ పేరుతో అమ్మిన కంపెనీ మీద కోర్టుకెళ్లింది.

మరి మా ఫ్రెండ్‌కి మైలేజీ పెరిగిందే?

అబద్ధం చెప్పాడని నేను అనను. కిట్ బిగించే రోజు మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ మారుస్తాడు, ప్లగ్‌లు శుభ్రం చేస్తాడు, టైర్లలో గాలి సరిచేస్తాడు. పైగా డబ్బు పెట్టిన మనిషి ఆ తర్వాత కొన్ని వారాలు యాక్సిలరేటర్ మెత్తగా తొక్కుతాడు, మైలేజీ మీదే కన్ను పెడతాడు. నడిపే తీరు ఒక్కటి మారితేనే సిటీలో పది శాతానికి పైగా తేడా రావడం మామూలే. దానికి తోడు బంకులో నాజిల్ ఆటోకట్ ఒకసారి ముందు, ఒకసారి వెనక పడితే ఒక ట్యాంకు లెక్కలో లీటరు రెండు లీటర్లు అటూ ఇటూ అవుతుంది.

ఇప్పటికే కిట్ ఉంటే నిజం తెలుసుకునే పద్ధతి ఒకటుంది. కిట్ స్విచ్చి మీ చేతిలో కాకుండా ఇంట్లో ఇంకొకరి చేతిలో పెట్టండి. వాళ్లు కొన్ని ట్యాంకులు ఆన్‌లో, కొన్ని ఆఫ్‌లో ఉంచి రాసుకోవాలి, మీకు చెప్పకూడదు. అదే బంకు, అదే పంపు, మొదటి ఆటోకట్ దగ్గర ఆపడం, అదే ఆఫీసు దారి. చివర్లో రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకోండి. డబ్బు తీసుకోకుండా ఇలా పరీక్షించి చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే మీ నిర్ణయం అక్కడే తేలిపోయినట్టు.

ప్రమాదం మాట కూడా చెప్పాలి. హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. హెచ్‌హెచ్‌ఓలో అయితే కాలడానికి కావలసిన ఆక్సిజన్ కూడా అదే పైపులో కలిసే ఉంటుంది. ఇంజిన్ బ్యాక్‌ఫైర్ అయితే మంట వెనక్కి నడిచి సెల్ దాకా రావొచ్చు. ఆ మంటని మధ్యలో ఆపే బబ్లర్, ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ లేని కిట్లు బానెట్ కింద పెట్టుకుని పిల్లలతో ప్రయాణం చేయడం నాకు భయంగా ఉంటుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది. దాని తుంపరలు గ్యాస్‌తో పాటు లోపలికి వెళ్తే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే అల్యూమినియం థ్రోటిల్ బాడీని తినేస్తాయి. కొందరు దాని బదులు ఉప్పు వేయమంటారు. అలా చేస్తే క్లోరిన్ వస్తుంది, అస్సలు వద్దు.

సర్వీస్ సెంటర్లలో హెచ్‌హెచ్‌ఓ యంత్రంతో చేసే డీకార్బనైజింగ్ (ఇంజిన్ లోపల పేరుకున్న కార్బన్ తీసేయడం) వేరే సంగతి. అక్కడ యంత్రం గోడ ప్లగ్ కరెంటుతో నడుస్తుంది, ఒకసారి చేసి పంపేస్తారు. పైన వేసిన లెక్క దానికి వర్తించదు. అయినా కార్బన్ పేరుకున్నట్టు బోరోస్కోప్ కెమెరాతో ముందు చూపించమనండి, చేశాక మళ్లీ చూపించమనండి. బండి పికప్ బాగానే ఉండి, సర్వీసులు టైముకి జరుగుతుంటే ఆ ఖర్చు అనవసరం.

సీఎన్‌జీ: శక్తి బయట నుంచే వస్తుంది

ఇక్కడ దాపరికం లేదు. పెట్రోల్ బదులు చవకైన ఇంధనం కొంటున్నారు. ఒక కిలో సీఎన్‌జీలో ఉండే శక్తి దాదాపు లీటరున్నర పెట్రోల్‌కి సమానం. వ్యాగన్ ఆర్ 1.0 లీటరు కంపెనీ అంకెలు చూస్తే పెట్రోల్‌కి లీటరుకి 24.35, సీఎన్‌జీకి కిలోకి 34.05 కిలోమీటర్లు, ఆ నిష్పత్తికి దగ్గరగానే ఉన్నాయి.

మీ బండికి ఇలా లెక్క వేసుకోండి. పెట్రోల్ 103 రూపాయలు, సిటీలో మైలేజీ 14 అనుకుందాం: కిలోమీటరుకి 7 రూపాయల 36 పైసలు. సీఎన్‌జీ కిలో 89, మైలేజీ 20 అనుకుందాం: 4 రూపాయల 45 పైసలు. ఆదా దాదాపు 2 రూపాయల 90 పైసలు. కిట్‌కి అన్నీ కలిపి 65 వేలైతే ఆ డబ్బు తిరిగి రావడానికి 22 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకి 600 తిరిగేవాళ్లకి మూడేళ్లు. నెలకి 2000 తిరిగితే ఏడాది లోపే. క్యాబ్ నడిపేవాళ్లకి ఇంకా ముందే. ధరలు మారుతుంటాయి కాబట్టి ఈ అంకెల స్థానంలో మీరు కొనే రోజు అంకెలు వేసుకోండి.

డబ్బు కాక ఇంకొన్ని చూడాలి. బయట కిట్‌తో వచ్చే పెద్ద సిలిండర్ డిక్కీలో సగానికి పైగా ఆక్రమిస్తుంది. సంక్రాంతికి కుటుంబమంతా సామానుతో ఊరికెళ్లేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కొత్త కార్లలో రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున సర్దిన మోడల్స్ ఉన్నాయి, కొత్తది కొనేవాళ్లు వాటినే చూడటం మేలు. పవర్ పది నుంచి పదిహేను శాతం దాకా తగ్గుతుంది. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోల్‌కి మార్చుకుంటే సరి. బెంగళూరులో బంకుల దగ్గర క్యూ ఉంటుంది. ఎన్‌హెచ్-44 మీద ఊరికి బయల్దేరే ముందు దారిలో ఎక్కడ దొరుకుతుందో చూసుకోవాలి.

చట్టం దగ్గర హెచ్‌హెచ్‌ఓకి, సీఎన్‌జీకి తేడా బాగా తెలుస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు మాత్రం ఆమోదం పొందే పద్ధతి, ఆర్‌సీలో ఇంధనం మార్చి రాయించుకునే పద్ధతి ఉన్నాయి. 2022 నుంచి బీఎస్-6 పెట్రోల్ బండ్లకి కూడా ఆ వీలు ఇచ్చారు. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి. బండికి ఏపీ, తెలంగాణ నంబర్ ఉంటే ఆర్‌సీలో ఆ మార్పు ఏ ఆర్‌టీఓ దగ్గర రాయించాలో బిగించక ముందే కనుక్కోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ అప్పుడు అడ్డొస్తుంది. వారంటీలో ఉన్న కారుకి బయట కిట్ వేయించడం నేను సలహా ఇవ్వను.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్

స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉన్న కారు. అది ఆదా చేసే శక్తి బ్రేకుల దగ్గర దొరుకుతుంది. మామూలు కారు బ్రేకు వేసిన ప్రతిసారీ వేడిగా పోగొట్టే దాన్ని ఇది బ్యాటరీలో దాచుకుంటుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేస్తుంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ఇది నిజంగా పని చేస్తుంది. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌లకి కంపెనీ చెప్పే మైలేజీ 27.97. సిటీలో అంత రాకపోయినా 20 వస్తుందని, అదే సైజు పెట్రోల్ బండి 11 ఇస్తుందని అనుకుంటే కిలోమీటరుకి నాలుగు రూపాయల పైన మిగులుతుంది. హైబ్రిడ్‌కి మూడు లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే 70 వేల కిలోమీటర్లు తిరిగాక లెక్క సరిపోతుంది. ఎలాగూ కొత్త కారు కొనాల్సిన వాళ్లు, ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లు చూడాల్సిన దారి. బాగున్న కారు అమ్మేసి పెట్రోల్ ఆదా కోసమే హైబ్రిడ్ కొనడం మాత్రం నష్టం.

ఎలక్ట్రిక్ స్కూటర్ లెక్క అన్నిటికన్నా సులువు. వంద కిలోమీటర్లకి చార్జింగ్ నష్టాలతో కలిపి నాలుగు యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా 28 రూపాయలు. లీటరుకి 45 ఇచ్చే పెట్రోల్ స్కూటర్‌కి అదే దూరానికి 225 దాటుతుంది. పీజీలో ఉండేవాళ్లు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సాకెట్ లేనివాళ్లు మాత్రం ఓనర్‌తో, అసోసియేషన్‌తో ముందు మాట్లాడుకోవాలి. చార్జింగ్ చోటు తేలకుండా అడ్వాన్స్ కట్టకండి.

ఉన్న బండితోనే, దాదాపు ఖర్చు లేకుండా

నెలకి ఐదారు వందల కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఏ కిట్టూ వద్దు. టైర్లలో గాలి డోర్ దగ్గర స్టిక్కర్‌పై ఉన్నంత పెట్టించండి. నాలుగు టైర్లలో గాలి ఒత్తిడి ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే 0.2 శాతం మైలేజీ పోతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. చిన్నదే గానీ, హెచ్‌హెచ్‌ఓ సెల్ ఇచ్చే హైడ్రోజన్‌తో పోల్చదగిన లాభం ఒక పీఎస్‌ఐ గాలితోనే వస్తోందంటే ఆలోచించండి. ఏసీ వేసి నిలబెట్టిన చిన్న కారు గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది కాబట్టి సిగ్నల్‌లో పెద్ద టైమర్ కనిపిస్తే ఇంజిన్ ఆపండి. వైట్‌ఫీల్డ్ వైపు పర్పుల్ లైన్, 2025 ఆగస్టు నుంచి సిల్క్‌బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా యెల్లో లైన్ ఉన్నాయి. వారంలో రెండు రోజులు మెట్రోకి మారగలిగితే ఏ యంత్రమూ కొనకుండానే ఆ రోజుల పెట్రోల్ మిగులుతుంది.

హైడ్రోజన్ మీద నాకు వ్యతిరేకత లేదని కూడా చెప్పాలి. 2020లో ఢిల్లీ రాజ్‌ఘాట్ డిపోలో సీఎన్‌జీలో 18 శాతం హైడ్రోజన్ కలిపి 50 బస్సులతో ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడ హైడ్రోజన్ ప్లాంటులో తయారై బండికి చేరుతుంది. బండి తన ఇంధనం కాల్చి తయారు చేసుకోదు. వచ్చే ఏళ్లలో అలాంటి బండ్లు అందుబాటు ధరకి వస్తే సంతోషంగా సిఫారసు చేస్తాను.

ఇప్పటికే హెచ్‌హెచ్‌ఓ కిట్ బిగించుకున్నవాళ్లు తీసేయించేటప్పుడు కొన్ని చూసుకోండి. ముందు బ్యాటరీ వైరు విప్పించండి. సెన్సర్ వైర్లకి అతికించిన సర్క్యూట్ ఉంటే దాన్ని పూర్తిగా తీసి ఒరిజినల్ కనెక్టర్ పెట్టించండి, ఆ తర్వాత స్కానర్‌తో ఫాల్ట్ కోడ్లు చూసి ఈసీయూ రీసెట్ చేయించండి. ఇన్‌టేక్ పైపుకి చేసిన రంధ్రాన్ని టేపుతో మూసేస్తే దుమ్ము లోపలికి పోతుంది, ఆ పైపు ముక్కనే మార్పించండి. థ్రోటిల్ బాడీలో తెల్లటి పొడి, గుంటలు ఉన్నాయేమో చూడమనండి. సెల్‌లో మిగిలిన ద్రావణాన్ని గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకునే తీయాలి. దాన్ని మోరీలో పోయకుండా, బ్యాటరీ యాసిడ్ లాంటివి పారేసే ఏర్పాటున్న గ్యారేజీలో అప్పగించండి.